ఇరవై రెండో పట్టీ

ఒంట్లో బాగాలేకపోతే మామూలుగా మనిషికి తెలుస్తుంది. జ్వరమొస్తే ఒళ్ళు కాలుతుంది, పన్ను పుచ్చితే దవడ వాస్తుంది. రంగులమ్మకున్న జబ్బుకి ఆపాటి మర్యాద కూడా లేదు. అది ఆరోగ్యం వేషం కట్టుకుని వస్తుంది. ఆకాశం కడిగిపెట్టినట్టు కనిపిస్తుంది, చేతులు చెప్పిన మాట వింటాయి, ఎదురైన ప్రతి మనిషీ ముద్దొస్తాడు. రెండు మూడు వారాలు అలా నెత్తిన పెట్టుకుని ఊరేగించి, ఆ తర్వాత గోతిలో పడేస్తుంది. ఆ గోతిలోంచి పైకి రావడానికి ఐదారు నెలలు పడుతుంది. డాక్టరమ్మ దాన్ని బైపోలార్ అంటుంది. రంగులమ్మ చెల్లెలు మాత్రం ఇంటిదొంగ అంటుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, ఆ లెక్కన.

రంగులమ్మ అసలు పేరు థియేటర్లో ఎవరూ వాడరు. పాతికేళ్ళుగా అక్కడ నాటకాలకి వెనక తెరలు వేసేది ఆమే. అడవి అడిగితే అడవి, రైల్వే స్టేషన్ అడిగితే రైల్వే స్టేషన్, నలభై అడుగుల గుడ్డ మీద దించేస్తుంది. పెళ్ళి చేసుకోలేదు. తీరిక లేక అంటుంది గానీ, అసలు కారణం ఆమెకీ తెలుసు, అడిగినవాళ్ళకీ తెలుసు. చెల్లెలు అదే థియేటర్లో పై అంతస్తులో నటులకి బట్టలు కుడుతుంది. చెల్లెలి భర్తది ఊళ్ళు తిరిగే ఉద్యోగం, నెలకోసారి వచ్చి పోతాడు. ఇంట్లో ఉండేది ముగ్గురు: అక్క, చెల్లెలు, చెల్లెలి కూతురు. ఆ పిల్లకి ఎనిమిదేళ్ళు. ఒకచోట కాలు నిలవదు, నోరు మూతపడదు, అందుకని పిచ్చుక అంటారు.

చిక్కంతా ఈ పిచ్చుక దగ్గరే వచ్చింది. రంగులు వేసే గదిలో తెరని గోడకి వేలాడదీస్తారు. దాని ముందు ఇరవై అడుగుల ఎత్తున సన్నటి చెక్క మంచె ఒకటుంటుంది. నడుముకి తాడు కట్టుకోకుండా దాని మీదికి ఎవరూ ఎక్కకూడదు. రెండేళ్ళ కిందట ఒకరోజు రంగులమ్మ తాడు లేకుండా ఎక్కింది. ఎక్కి ఊరుకోకుండా ఆరేళ్ళ పిల్లని కూడా ఎక్కించింది. మంచె అంచున నిలబెట్టి చేతులు చాచమంది. "మనం పడం, చూడు," అంది. లైట్లు చూసుకునే మనిషి చప్పుడు చెయ్యకుండా వెనకనుంచి ఎక్కి పిల్లని చంకనేసుకుని దిగాడు కాబట్టి సరిపోయింది. ఏమీ జరగలేదు.

ఏమీ జరగలేదన్న మాట వల్ల ఆమెకి ఊరట దొరకలేదు. ఎందుకంటే ఆ క్షణంలో ఆమెకి ఏ భయమూ వెయ్యలేదు. పిల్ల మీద ప్రేమ పొంగి పొర్లింది. పుట్టి బుద్ధెరిగాక అంత ప్రేమ ఎవరి మీదా కలగలేదు. ఆ ప్రేమతోనే తీసుకెళ్ళి అంచున నిలబెట్టింది. రేపు మళ్ళీ అంత ప్రేమ కలిగితే ఏం చేస్తుందో ఆమెకే తెలియదు. భయమంతా అదే.

ఆస్పత్రి, మందులు, చీకటి నెలలు అన్నీ అయ్యాక చెల్లెలే వచ్చి ఇంటికి తీసుకెళ్ళింది. ఒక్క మాట కూడా తూలలేదు. కానీ ఆ రోజు నుంచి పిచ్చుకని అక్క దగ్గర ఒంటరిగా వదలలేదు. వీధి చివర కొట్టుకి వెళ్ళినా సరే, పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళేది. ఎందుకని రంగులమ్మ అడగలేదు. అడిగే ముఖం ఆమెకి లేదు.

మాత్ర వేసుకుంటున్నంత మాత్రాన తలుపుకి గడియ పడినట్టు కాదని డాక్టరమ్మ చెప్పింది. నిద్ర తగ్గుతోందా, మాట పెరుగుతోందా అని చూసుకుంటూ ఉండమంది. చూసుకోవాల్సిన కళ్ళే మోసం చేస్తుంటే ఏం చూసుకుంటారు? అందుకని అక్కాచెల్లెళ్ళిద్దరూ కూర్చుని తమకి తోచిన ఉపాయం ఒకటి ఆలోచించారు. రోజూ పొద్దున్నే పని మొదలెట్టే ముందు రంగులమ్మ తెలుపు, నలుపు, ఇటుకరంగు డబ్బాల్లోంచి కాస్త కాస్త తీసి, కొలత లేకుండా, కంటికి సరిపోయేంతవరకు బూడిదరంగు కలపాలి. దాన్ని ఒక చెక్క మీద వేలెడు వెడల్పు పట్టీగా పుయ్యాలి; నాటకానికో కొత్త చెక్క. పాత పట్టీలు కనిపించకుండా వాటి మీద అట్ట కప్పి ఉంటుంది. శనివారం సాయంత్రం చెల్లెలు వచ్చి అట్ట ఎత్తి చూస్తుంది. మనసు మామూలుగా ఉన్న రోజుల్లో పట్టీలు కాస్త అటూ ఇటూగా ఒకేలా వస్తాయి. మనసు పైకి లేస్తున్నప్పుడు రంగులమ్మకి బూడిదరంగు చచ్చినట్టు కనిపిస్తుంది, ఇంకాస్త ఇటుకరంగు వేస్తుంది, అయినా చాలదనిపిస్తుంది. కిందటేడు ఒకసారి పట్టీలు ఎర్రబడ్డాయి. చెల్లెలు ఆ సాయంత్రమే డాక్టరమ్మకి ఫోన్ చేసింది, మందు మార్చారు, గండం గడిచింది. డాక్టరమ్మ విని నవ్వి, "బాగుంది, మానకండి," అంది.

ఇంతలో సముద్రం నాటకం వచ్చింది. తెర నిండా నీళ్ళే కావాలన్నాడు డైరెక్టరు, ఒడ్డు కూడా కనపడకూడదన్నాడు. రంగులమ్మ పదకొండు బకెట్ల నీలం కలిపి పెట్టుకుంది. తెరలు వేసేవాళ్ళకి అదొక నియమం. ఏ రంగైనా పని మొత్తానికి సరిపడా మొదటిరోజే కలిపేసుకోవాలి. మధ్యలో అయిపోయి మళ్ళీ కలిపితే ఎంత గొప్ప చెయ్యైనా ఆ రంగు రాదు, అతుకు కనిపిస్తుంది.

పని పరుగెత్తింది. ఎన్నేళ్ళుగానో రాని అల వచ్చింది, అల వెనక నీడ వచ్చింది, నీడలో లోతు వచ్చింది. డైరెక్టరు రోజూ వచ్చి నోరెళ్ళబెట్టుకుని చూసి వెళ్ళేవాడు. రంగులమ్మకి నిద్ర నాలుగు గంటలైంది, తర్వాత మూడైంది. పని ఎక్కువగా ఉంటే ఎవరికైనా తగ్గుతుందిలే అనుకుంది. భయం వేసినప్పుడల్లా చెక్క ఉంది కదా అనుకునేది. పట్టీలు బాగుంటే తను బాగున్నట్టే.

మూడో శనివారం చెల్లెలు అట్ట ఎత్తి చాలాసేపు చూసింది.

"మూడు వారాలవి. ఒక్కటి కూడా చెదరలేదే," అంది.

"చెప్పాను కదా."

"నిద్ర పడుతోందా?"

"పడుతోంది. నువ్వు లేచేసరికి నేను లేచి ఉంటున్నానంతే."

చెల్లెలు అట్ట దించింది. చేతిలో ఉన్న చొక్కాకి దారం తెంపుతూ, అక్క వైపు చూడకుండా అంది. "రేపు నాకు కొలతల పనుంది. రాణి వేషం వేసే ఆవిడ ఇంటికి పోవాలి, సాయంత్రమవుతుంది. పిచ్చుకని నీ దగ్గర ఉంచనా?"

రంగులమ్మ "ఉంచు," అని మాత్రం అంది. ఆ తర్వాత బ్రష్షులు కడిగే నెపంతో పంపు దగ్గరికి పోయి, నీళ్ళు వదిలి, ఆ చప్పుడులో ఏడ్చింది. రెండేళ్ళ తర్వాత చెల్లెలు తనని నమ్మింది. ఇంతకంటే ఆమెకి ఏ సముద్రమూ అక్కర్లేదు.

ఆదివారం పెద్దమ్మా పిల్లా బస్సులో బయల్దేరారు. దారి పొడుగునా రంగులమ్మ మాట్లాడుతూనే ఉంది. చేపలు ఎలా నిద్రపోతాయో చెప్పింది, ఓడలకి ముక్కులెందుకుంటాయో చెప్పింది, డ్రైవరు మెడ మీద మడతలు చూపించి అవి అలలంది. పిచ్చుక పడీ పడీ నవ్వింది. ముందు సీట్లో ముసలాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఆదివారం కాబట్టి థియేటర్లో ఎవరూ లేరు. గేటు దగ్గర కాపలా పెద్దాయన ఒక్కడే తన గదిలో రేడియో పెట్టుకుని కూర్చున్నాడు.

తెర చూడగానే పిచ్చుక నోరు మూతపడింది. అది జరగడం అరుదు.

"నీళ్ళు కదులుతున్నాయి పెద్దమ్మా," అంది కాసేపటికి.

"కదులుతాయి మరి. ఊరికే వేశాననుకున్నావా?"

పిల్ల గదంతా కలియతిరిగి చెక్క దగ్గర ఆగింది. "అమ్మ చెప్పే పట్టీల చెక్క ఇదేనా? ఇవాళ్టిది వెయ్యి, చూస్తా."

రంగులమ్మ హుషారుగా బల్ల కింద నుంచి మూత పెట్టిన బకెట్టు ఒకటి ముందుకి లాగింది. మూత తీస్తే లోపల అంచుకి కాస్త కిందుగా బూడిదరంగు.

"నా తెలివి చూడు. రోజూ మూడు డబ్బాలు తీసి, కాస్త కాస్త కలిపి, మళ్ళీ గిన్నె కడిగి, ఎంత టైము దండగ. అందుకని సముద్రం మొదలెట్టిన రోజే బకెట్టు నిండా ఒకేసారి కలిపి పారేశా. బ్రష్షు ముంచడం, పూయడం. ఇక ఎన్ని రోజులైనా అతుకు కనపడ..."

మాట నోట్లోనే ఆగిపోయింది.

బ్రష్షు చివర్నుంచి ఒక చుక్క జారి నేల మీద పడింది. రోజూ అదే బకెట్టులోంచి తీసి పూస్తే రోజూ అదే రంగు వస్తుంది. అందులో తన మనసెక్కడుంది? కంచే చేను మేసిందంటే ఇదే. ఎవరినీ మోసం చెయ్యాలని చెయ్యలేదు. పాతికేళ్ళ అలవాటు కొద్దీ చేసింది. చేసినప్పుడు తన తెలివికి తనే మురిసిపోయింది కూడా. ఇరవై ఒక్క రోజులుగా బకెట్టు ఆరోగ్యంగా ఉందని చెల్లెలికి చూపిస్తూ వచ్చింది. ఆ బకెట్టుని నమ్మి చెల్లెలు కూతుర్ని అప్పగించి వెళ్ళింది.

గబగబా గిన్నె తీసుకుంది. తెలుపు పోసింది, నలుపు వేసింది, ఇటుకరంగు కలిపింది. ఇంకా చచ్చినట్టుంది. ఇంకాస్త వేసింది. ఇంకాస్త. ఇప్పుడు బాగుంది, ఇదీ అసలు బూడిదరంగు అనిపించాక పట్టీ పూసి అట్ట ఎత్తింది.

ఇరవై ఒక్క పట్టీలు బూడిదరంగులో వరసగా ఉన్నాయి. ఇరవై రెండోది అప్పుడే తోమిన రాగి చెంబులా మెరుస్తోంది.

అయితే వచ్చేసింది. రావడం కూడా కాదు, మూడు వారాలుగా ఇంట్లోనే ఉంది, తనతో పాటు తింటోంది, తన చేత్తో సముద్రం వేస్తోంది.

"పెద్దమ్మా, ఇక పైకెక్కుదామా?"

తిరిగి చూసేసరికి పిచ్చుక మంచె నిచ్చెన రెండో మెట్టు మీద ఉంది.

"ఎవరెక్కమన్నారు నిన్ను?"

"నువ్వే. బస్సులో అన్నావుగా, సముద్రాన్ని పైనుంచి చూపిస్తానని."

అవును, రంగులమ్మే అంది. అన్న మాట ఇప్పుడు గుర్తొచ్చింది. డ్రైవరు మెడ గురించి నవ్వుతూ నవ్వుతూ ఆ మాట కూడా అనేసింది. అంటున్నప్పుడు ఎక్కడా ముల్లు గుచ్చుకోలేదు. రెండేళ్ళుగా తల్చుకుని తల్చుకుని కుమిలిన పనిని, బస్సులో కూర్చుని పిల్లకి బహుమానంగా ఇస్తానంది.

అంతకంటే ఘోరం ఇంకొకటుంది. ఎక్కాలని ఉంది. ఇప్పుడు, ఈ నిమిషంలో కూడా. కాళ్ళు జివ్వుమంటున్నాయి. లోపల ఎవరో చాలా నెమ్మదిగా, చాలా తెలివిగా నచ్చజెబుతున్నారు. తాడు కడదాం. ఇద్దరికీ కడదాం. రెండుసార్లు ముడి చూసుకుందాం. పిల్ల ఎంత ఆశపడిందో చూడు. ఆ గొంతులో పిచ్చి ఏ కోశానా లేదు. అది ఆమె సొంత గొంతే. కూరగాయలు కొనేటప్పుడు, బస్సు టైము చూసేటప్పుడు మాట్లాడే మామూలు గొంతు.

వెళ్ళి పిల్లని దించాలని ఒక అడుగు వేసి ఆగిపోయింది. దగ్గరికెళ్ళి ఎత్తుకుంటే ఈ చేతులు కిందికి దించుతాయో పైకి ఎక్కిస్తాయో ఎవరు చెప్పొచ్చారు? చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుంది.

"పిచ్చుకా, దిగు."

"నువ్వు రా."

"నేను రాను. నువ్వే దిగు. గేటు దగ్గర పెద్దాయన్ని పిలుచుకురా. పరుగెత్తు."

"ఎందుకు?"

"నాకు ఒంట్లో బాగాలేదు."

పిల్ల అనుమానంగా చూసింది. "బాగానే ఉన్నావుగా. నవ్వుతున్నావు."

రంగులమ్మ చెయ్యి తీసి మూతి తడుముకుంది. నిజమే, నవ్వుతోంది. లోపల అంత భయం వేస్తుంటే పెదాలు మాత్రం చెవుల దాకా సాగి ఉన్నాయి. వాటిని దగ్గరికి తేవడానికి ప్రయత్నించింది గానీ చేత కాలేదు. ఆ ముఖంలో పిల్లకి ఏం కనిపించిందో, ఇంకేమీ అడగకుండా రెండు మెట్లూ దిగి బయటికి పరుగెత్తింది.

పెద్దాయన వచ్చేసరికి రంగులమ్మ గది బయట ఎండలో నిలబడి తాళం వేస్తోంది. తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది.

"పిల్లని మీ గదిలో కూర్చోబెట్టుకోండి. వాళ్ళమ్మ వచ్చేదాకా ఎక్కడికీ పంపకండి. నేనొచ్చి అడిగినా సరే, నా చేతికివ్వకండి. తాళంచెవి కూడా."

"అదేంటమ్మా, ఏమైంది?"

"అడిగినా ఇవ్వనని చెప్పండి."

"సరేనమ్మా, ఇవ్వను," అన్నాడు పెద్దాయన. రెండేళ్ళ కిందటి సంగతి ఆయనకీ తెలుసు. పిల్ల భుజం మీద చెయ్యి వేసి, ఆమె వైపు చూడకుండా నడిపించుకుపోయాడు.

ఇక ఫోన్ చెయ్యాలి. ఫోన్ చేతిలోనే ఉంది. అయినా ఆమె అలాగే నిలబడిపోయింది. నాటకానికి ఇంకా తొమ్మిది రోజులే. సముద్రం కుడివైపు మూల ఇంకా మిగిలి ఉంది. ఇంకెవరి చేతికిచ్చినా అతుకు కనిపిస్తుంది. దాన్నైనా వదులుకోవచ్చు. చెల్లెలికి ఏమని చెబుతుంది? రెండేళ్ళు ఎదురుచూస్తే నిన్న దొరికిన నమ్మకం, ఇవాళ మధ్యాహ్నం కాకముందే పోతుంది. ఈసారి పోతే మళ్ళీ రాదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు కూడా. బకెట్టు పారబోసి, ఆ ఒక్క పట్టీ చెరిపేసి, సాయంత్రం దాకా పిల్లని కింద ఆడించి, రేపట్నుంచి జాగ్రత్తగా ఉంటే చాలు. మళ్ళీ అదే నెమ్మదైన గొంతు. ఆ గొంతు ఇంకో మాట అనేలోపు నంబరు నొక్కేసింది.

"చెల్లీ, వచ్చి పిల్లని తీసుకుపో," అంది. అవతల ఏదో కింద పడిన చప్పుడు వినిపించింది.

అరగంటలో టాక్సీ వచ్చింది. చెల్లెలి మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. దిగుతూనే కాపలా గదిలోకి పోయి, కూతురి తల, చేతులు, మోకాళ్ళు తడిమి చూసింది. దెబ్బలేవీ లేవని తేలాక గానీ ఇటు తిరగలేదు.

రంగులమ్మ దాచకుండా అంతా చెప్పింది. బకెట్టు గురించి చెప్పింది, నిద్ర గురించి చెప్పింది, బస్సులో అన్న మాట చెప్పింది, ఎక్కాలనిపించిందని కూడా చెప్పింది. చెల్లెలు అరుస్తుందనుకుంది. అరిస్తే బాగుండుననుకుంది.

చెల్లెలు తాళం తీయించి లోపలికి వెళ్ళి చెక్క ముందు నిలబడింది.

"నాకు నిన్ననే అనుమానం వచ్చిందక్కా," అంది. "ఒకే తాను గుడ్డలో కూడా రంగు ఇంత ఒకేలా ఉండదు. ఇరవై ఏళ్ళుగా గుడ్డలు చూస్తున్నదాన్ని, ఆ మాత్రం తెలీదా? తెలిసి కూడా నోరు మూసుకున్నా. నువ్వు బాగైపోయావని అనుకోవాలనిపించింది. పిల్లని పణంగా పెట్టి మరీ అనుకున్నా."

చెల్లెలు తలెత్తి సముద్రం వైపు చూసింది. అబద్ధమాడి తక్కువ చెయ్యడానికి కూడా వీల్లేకుండా బాగుంది ఆ సముద్రం. అంత బాగా రంగులమ్మ ఎప్పుడూ వెయ్యలేదు, మందులు పడ్డాక మళ్ళీ వేస్తుందన్న నమ్మకమూ లేదు. అది ఇద్దరికీ తెలుసు. చెల్లెలు లైటు ఆర్పింది.

డాక్టరమ్మ నేరుగా వచ్చేయమంది. టాక్సీలోకి ముందు పిచ్చుక ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. మధ్య సీటు చేత్తో తట్టి, "పెద్దమ్మా, ఇక్కడ," అంది. రంగులమ్మ తల వంచి ఎక్కబోయింది. భుజం మీద చెల్లెలి చెయ్యి పడింది. చెల్లెలు ఆమెని పక్కకి జరిపి, తను ముందెక్కి ఇద్దరి మధ్యా కూర్చుంది. చెల్లెలు అలా కూర్చోకపోతే రంగులమ్మే కూర్చోమని అడిగి ఉండేది. చివర కూర్చుని తలుపు వేసుకుంది.

బండి కదిలాక చెల్లెలు ఇటు తిరిగింది.

"ఇప్పుడెలా ఉందక్కా?"

రంగులమ్మ కిటికీలోంచి చూసింది. ఎండలో గోడలు, తీగల మీద ఆరేసిన బట్టలు, రోడ్డు దాటుతున్న మనుషులు, అన్నీ ఇప్పుడే పుట్టినంత అందంగా ఉన్నాయి.

"బాగుంది," అంది వణికిపోతూ. "చాలా బాగుంది చెల్లీ."

చెల్లెలు ఒక చేత్తో కూతుర్ని, ఇంకో చేత్తో అక్క మణికట్టుని పట్టుకుని, ఆస్పత్రి వచ్చేదాకా వదల్లేదు.